ఆష్లీ విలియమ్స్ ఆట చూసి సెంటర్‌బ్యాక్ పని నేర్చుకోవడం ఎలా

ఫుట్‌బాల్‌లో సెంటర్‌బ్యాక్ (గోల్‌ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) ఆడాలనుకునే కుర్రాళ్ల కంట పడే వీడియోల్లో ఎక్కువ భాగం ఆఖరి క్షణంలో జారుతూ చేసిన ట్యాకిళ్లే, అంటే ప్రత్యర్థి కాళ్ల దగ్గరి బంతిని లాక్కోవడాలే. చూడ్డానికి బాగుంటాయి. కానీ డిఫెండర్ జారాల్సి వచ్చిందంటే, అంతకు ఐదారు సెకన్ల ముందే అతను నిలబడాల్సిన చోట నిలబడలేదని చాలాసార్లు అర్థం. ఆ ఐదారు సెకన్ల పని నేర్పడానికి వేల్స్ మాజీ కెప్టెన్ ఆష్లీ విలియమ్స్ ఆట బాగా పనికొస్తుంది.

అతన్నే ఎందుకంటే, అతని దగ్గర అరుదైన వరాలేవీ లేవు. ఎత్తు ఆరడుగులు, సెంటర్‌బ్యాక్‌కి అది మామూలు ఎత్తే. మెరుపు వేగం లేదు. పదహారేళ్లకే వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ క్లబ్ వద్దని పంపేసింది. అలాంటి మనిషి వేల్స్‌కి 86 మ్యాచ్‌లు ఆడాడు. 1958 ప్రపంచకప్ తర్వాత వేల్స్ ఆడిన మొదటి పెద్ద టోర్నీ 2016 యూరో (యూరప్ దేశాల కప్). అందులో జట్టుని సెమీఫైనల్ దాకా నడిపించాడు. అతను చేసినవన్నీ నేర్చుకోగలిగిన పనులు కాబట్టి ఎవరైనా కొంతవరకు చేయగలరు.

ముందు చూడటం నేర్చుకోండి

మూడు మ్యాచ్‌లు పూర్తి నిడివితో సంపాదించండి. ఒకటి 2016 జూలై 1న లీల్‌లో బెల్జియంతో జరిగిన క్వార్టర్ ఫైనల్. రెండోది అదే టోర్నీలో జూన్ 16న లెన్స్‌లో ఇంగ్లండ్‌తో ఆడినది. మూడోది 2017 అక్టోబర్ 9న కార్డిఫ్‌లో ఐర్లండ్‌తో ఆడినది. మొదటిది గెలుపు, మిగతా రెండూ ఓటములు. ఓడిన వాటిలోనే నేర్చుకునేది ఎక్కువ.

ఒక్కో మ్యాచ్ రెండుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా చూసేయండి. రెండోసారి 6వ నంబర్ చొక్కా మీద నుంచి కన్ను తీయకండి. ఒక్క విడతకి 15 నిమిషాలు చాలు. అంతకు మించితే తెలియకుండానే కన్ను బంతి వెంట వెళ్లిపోతుంది. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకోండి: బంతి ఎక్కడ ఉంది, అతను ఎక్కడ నిలబడ్డాడు, దగ్గరి ప్రత్యర్థికి ఎన్ని అడుగుల దూరం, చేత్తో గానీ నోటితో గానీ ఎవరికి ఏం చెబుతున్నాడు. బంతి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారిన ప్రతిసారీ ఒక వరుస నింపండి. టీవీ కెమెరా బంతినే వెంటాడుతుంది కాబట్టి అతను ఫ్రేములో లేని ఘట్టాలు చాలా ఉంటాయి. వాటిని వదిలేసి, వేల్స్ సగంలో ఆట నడుస్తున్నప్పుడు మాత్రమే రాయండి. పావుగంటకి పన్నెండు నుంచి ఇరవై వరుసలు వస్తే మీరు సరిగ్గా చూస్తున్నట్టే.

అతని తల గమనించండి. పాస్ గాల్లో ఉండగానే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి, మళ్లీ బంతి వైపు తిరుగుతాడు. కొత్తవాళ్లలో చాలామంది బంతి దగ్గరికొచ్చాక వెనక్కి చూస్తారు. అప్పటికి ఫార్వర్డ్ (గోల్ కొట్టడానికి వచ్చే ప్రత్యర్థి) వాళ్ల వీపు వెనక్కి జారిపోయి ఉంటాడు.

నిలబడే తీరు

ప్రత్యర్థి బంతితో ఎదురుగా వస్తుంటే ఛాతీ అతని వైపు పూర్తిగా తిప్పి, పాదాలు రెండూ ఒకే గీత మీద పెట్టి నిలబడొద్దు. ఒక పాదం ముందు, ఒకటి వెనక ఉండాలి. మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద ఉంచాలి. మడమలు నేలకానితే తిరగడానికి ఇంకో అర క్షణం పడుతుంది, ఫార్వర్డ్‌కి కావలసింది ఆ అర క్షణమే. శరీరం ఓరగా ఉంటే అతన్ని ఎటు పంపాలో మీరే నిర్ణయిస్తారు. మామూలుగా టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు, లేదా అతని బలహీనమైన కాలి వైపు పంపాలి.

దూరం విషయంలో ఒక కొలత పెట్టుకోండి. బంతి అతని కాళ్ల దగ్గర ఉంటే మీకూ అతనికీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. బంతి ఇంకా అతన్ని చేరకపోతే చెయ్యి చాస్తే అతని వీపు తగిలేంత దూరం. అంతకంటే దగ్గరికి వెళ్లి అతుక్కుంటే బలమైన స్ట్రైకర్ మీ బరువునే ఆసరా చేసుకుని గిర్రున తిరిగిపోతాడు.

దీనికి సాధన ఇలా. 15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న దారిని కోన్లతో గుర్తు పెట్టండి. ఫార్వర్డ్ ఒక చివర నుంచి బంతితో వచ్చి అవతలి గీత దాటాలి. డిఫెండర్ మొదటి నాలుగు విడతల్లో కాలు చాపి బంతి లాక్కోకూడదు. వెనక్కి అడుగులేస్తూ అతన్ని ఒక పక్కకి నెట్టుకుపోవడమే పని. ఐదో విడత నుంచి ట్యాకిల్ చేయొచ్చు, అదీ ఫార్వర్డ్ బంతిని పాదం నుంచి దూరంగా తోసుకున్న క్షణంలోనే. ఎనిమిది విడతలయ్యాక పాత్రలు మార్చుకోవాలి. మధ్యలో 40 సెకన్లు విశ్రాంతి ఇవ్వండి, లేకపోతే అలసట వల్ల అడుగుల క్రమం చెడి, చెడిందే అలవాటవుతుంది. ఇందులో దాదాపు అందరూ చేసే తప్పు వెనక్కి జరుగుతూ కాళ్లు ఒకదానిమీదుగా ఒకటి వేయడం. కాళ్లు కత్తెరలా పడ్డ క్షణంలో దిశ మారిస్తే డిఫెండర్ కూలబడతాడు. చిన్నచిన్న అడుగులతో, నేల మీద నుంచి పాదం ఎక్కువ ఎత్తకుండా జరగాలి.

లైన్, ఆఫ్‌సైడ్, తలకి తగిలిన ఒక బంతి

సెంటర్‌బ్యాక్ నిర్ణయాల్లో సగం ఒకే ప్రశ్నకి జవాబులు: లైన్ (డిఫెండర్లంతా నిలబడే వరుస) ముందుకి జరపాలా, వెనక్కి తీయాలా? జవాబు బంతి ఎవరి దగ్గరుందన్న దానికన్నా, ఆ ఆటగాడి తల ఎలా ఉందన్న దానిమీద ఎక్కువ ఆధారపడుతుంది. అతని మీద ఒత్తిడి లేకుండా, తల ఎత్తి, కాలు వెనక్కి లాగాడంటే పొడుగు బంతి వస్తోందని అర్థం. వెంటనే వెనక్కి పరుగు. అదే అతను వీపు మీ వైపు తిప్పినా, బంతిని వెనక్కి ఆడినా, మీ మిడ్‌ఫీల్డర్ అతని మీదికి వెళ్లిపోయినా లైన్ నాలుగైదు అడుగులు ముందుకి రావాలి, అందరూ ఒకేసారి. ఒక్కడు వెనక ఉండిపోతే మిగతావాళ్లు జరిగింది వృథా, ఆ ఒక్కడే ప్రత్యర్థులందరినీ ఆన్‌సైడ్ చేస్తాడు. (సహచరుడు బంతి ఆడేటప్పుడు ఫార్వర్డ్ బంతికన్నా, కాపాడే జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడికన్నా గోల్‌కి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్, లేకపోతే ఆన్‌సైడ్.)

ఇక ఇంగ్లండ్ మ్యాచ్ 56వ నిమిషం. వేల్స్ 1-0 ఆధిక్యంలో ఉంది, 42వ నిమిషంలో బేల్ ఫ్రీకిక్ గోలయింది. ఇంగ్లండ్ ఆటగాడు స్టరిడ్జ్ గోల్‌ముందు పెనాల్టీ బాక్సులోకి బంతి వేశాడు. విలియమ్స్ తలతో ఆడబోతే అది సరిగా తగలక గోల్ వైపే పడింది. అక్కడ ఇంగ్లండ్ ఫార్వర్డ్ జేమీ వార్డీ ఉన్నాడు. అతను నిలబడ్డ చోటు చూస్తే ఆఫ్‌సైడే. అయినా బంతి చివరగా వచ్చింది డిఫెండర్ తల మీద నుంచి. వార్డీ దగ్గర్నుంచి కొట్టాడు, గోల్ ఇచ్చారు.

నిబంధన ఇది. ప్రత్యర్థి ఆఫ్‌సైడ్ చోట ఉన్నా, డిఫెండర్ కావాలని ఆడిన బంతి అతనికి చేరితే ఆఫ్‌సైడ్ వర్తించదు. ఊరికే తగిలి మళ్లితే, లేదా గోల్‌కి పోతున్న బంతిని ఆపబోతే తగిలితే వర్తిస్తుంది. ఏది ‘కావాలని’ అన్నదాన్ని 2022లో నిబంధనలు రాసే సంస్థ ఇంకాస్త వివరించింది: బంతి దూరం నుంచి వచ్చిందా, స్పష్టంగా కనిపించిందా, వేగం ఎంత, డిఫెండర్‌కి శరీరం సర్దుకునే సమయం దొరికిందా అన్నవి చూడాలి. గాల్లో బంతి కన్నా నేల మీద బంతిని ఆడటం తేలికని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

కాబట్టి మీ వెనక ఎవరో ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడన్న ధైర్యంతో సగం మనసుతో బంతి మీదికి వెళ్లకండి. నుదుటితో గట్టిగా, ఎత్తుగా, పక్కకి కొట్టగలిగితేనే వెళ్లాలి. ఆ మూడింటిలో ముందు ఎత్తు రావాలి, ఎందుకంటే బంతి గాల్లో ఉన్నంతసేపు మీ జట్టు సర్దుకుంటుంది. తర్వాత దూరం. పక్కకి పోవడం మూడోది, కానీ నడిమధ్యకి మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. కొసకి మాత్రమే అందేలా ఉంటే మీ వెనకవాడికి ‘నీదే’ అని అరిచి వదలండి. ఎవరూ లేకపోతే బంతిని మీ గోల్ గీత బయటికి పంపి కార్నర్ (మైదానం మూల నుంచి ప్రత్యర్థి వేసే కిక్) ఇచ్చేయండి. కార్నర్ వల్ల కనీసం మీ జట్టుకి నిలబడే సమయం దొరుకుతుంది.

తలతో ఆడటం

బెల్జియం మ్యాచ్ 31వ నిమిషం దగ్గర వీడియో ఆపండి. అంతకు ముందు 13వ నిమిషంలో నైంగోలాన్ దూరం నుంచి కొట్టిన బంతితో బెల్జియం 1-0 ఆధిక్యంలో ఉంది. రామ్‌సే కార్నర్ తీస్తున్నాడు. ఇప్పుడు బంతిని కాదు, విలియమ్స్‌ని చూస్తూ క్లిప్‌ని నాలుగో వంతు వేగంతో నడపండి. అతను గోల్‌ముందు గుంపులో ఇరుక్కుని నిలబడలేదు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చి బంతిని కలుసుకున్నాడు. నిలబడి ఎగిరినవాడి కన్నా పరుగున వచ్చి ఎగిరినవాడు ఎత్తుకి లేస్తాడు, తలకి బరువూ తోడవుతుంది. పైగా మార్క్ చేసేవాడు బంతినీ అతన్నీ ఒకేసారి చూడలేడు. ఆ గోల్‌కి అతని పక్కన అడ్డుకునే బెల్జియం ఆటగాడు లేకపోవడానికి ఇదొక కారణం. స్కోరు 1-1 అయింది. తర్వాత రాబ్సన్-కాను, వోక్స్ కొట్టారు, వేల్స్ 3-1తో గెలిచింది.

దీన్ని విడదీసి నేర్చుకోవాలి. పరుగు మొదలయ్యే చోటు బంతి పడే చోటికి ఐదారు మీటర్ల వెనక. దారి తిన్నగా కాకుండా కొద్దిగా వంపు తిరగాలి. ముందు మార్క్ చేసేవాడి వీపు వెనక్కి ఒక అడుగు వేసి అక్కణ్నుంచి ముందుకి. పరుగు మొదలెట్టాల్సింది కార్నర్ తీసేవాడి ఆఖరి అడుగు నేల తాకినప్పుడు, అంతకు ముందు కాదు. ముందే వెళ్లిపోతే అక్కడ నిలబడి బంతి కోసం ఎదురు చూడాల్సి వస్తుంది, అప్పుడు పరుగు వల్ల వచ్చిన లాభం పోతుంది. ఎగరడం ఒంటికాలి మీద. మోచేతులు పక్కలకి వంచి సమతూకం కోసం మాత్రమే వాడాలి. ముఖం ఎత్తుకి లేస్తే ఫౌల్, కార్డు. బంతిని తాకాల్సింది నుదుటి మధ్య, కనుబొమ్మలకీ జుట్టుకీ మధ్య ఉన్న చదునైన చోటుతో. కళ్లు తెరిచే ఉండాలి. మెడ బిగించి, నడుము నుంచి ముందుకి విసరాలి. గోల్ కోసమైతే బంతిలో పై సగాన్ని కొట్టి నేలకి దించండి, గీత దగ్గర ఎగిసిపడే బంతి గోల్‌కీపర్‌కి కష్టం. కాపాడుకోవడానికైతే కింది సగాన్ని కొట్టి పైకి పంపండి.

ఎన్నిసార్లు సాధన చేయాలన్నది చాలా ముఖ్యం. 2020లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘాలు ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకి ప్రాక్టీసులో హెడింగ్ వద్దన్నాయి. 2021లో ఇంగ్లండ్‌లో వృత్తి ఆటగాళ్లకి కూడా ప్రాక్టీసులో బలమైన హెడర్లు వారానికి పదికి మించొద్దని సూచించారు. కార్నర్లు, క్రాస్‌లు (పక్క నుంచి గోల్‌ముందుకి వేసే బంతులు), 35 మీటర్లు దాటిన పాస్‌లని తలతో ఆడటం ఆ లెక్కలోకి వస్తుంది. పూర్వం ఒక్క పూటలో యాభై కొట్టించే పద్ధతి ఉండేది. అది ఇక వద్దు. పరుగు, ఎగరడం, సమయం పట్టడం బంతి లేకుండానే నేర్చుకోవచ్చు. తర్వాత మెత్తటి తేలిక బంతిని రెండు మీటర్ల నుంచి చేత్తో విసిరించుకోండి. అసలు బంతితో వారానికి రెండు పూటలు, పూటకి ఐదు. తలకి తలగానీ మోచేయిగానీ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, జరిగింది గుర్తు లేకపోయినా ఆ రోజుకి ఆట ఆపేయాలి. ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ దిగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

కార్నర్ కాపాడేటప్పుడు ఏం తప్పుతుందో తెలియాలంటే పోర్చుగల్‌తో సెమీఫైనల్ 50వ నిమిషం చూడండి. పోర్చుగల్ కార్నర్‌ని నేరుగా వేయకుండా పొట్టిగా ఆడింది. గెరేరో కాలికి బంతి వచ్చి అతను క్రాస్ చేశాడు. రొనాల్డో జేమ్స్ చెస్టర్ మీదుగా లేచి తలతో కొట్టాడు. పొట్టి కార్నర్‌లో చిక్కంతా ఇక్కడే. కార్నర్ జెండా దగ్గర్నుంచి వచ్చే బంతికి సర్దుకున్న జట్టు, బంతి పది మీటర్లు కదలగానే కోణం మారి, కాపలా కాసేవాళ్లంతా ఒక్కసారి తల తిప్పాల్సి వస్తుంది. తల తిప్పిన ఆ క్షణంలో మనిషి జారిపోతాడు. పొట్టిగా ఆడగానే చేయాల్సినవి మూడు: గోల్‌కి దగ్గరున్న ఇద్దరిలో ఒకడు బంతి మీదికి పరుగెత్తాలి, మిగతా లైను ఆరు గజాల పెట్టె గీత దాకా ముందుకి రావాలి, మనిషిని కాస్తున్నవాళ్లు ఒక చెయ్యి అతని మీద తేలిగ్గా ఆనించి ఉంచాలి. చెయ్యి ఆనితే చూడకపోయినా అతను కదిలింది తెలుస్తుంది. చొక్కా పట్టుకోకండి, పెనాల్టీ.

వెనక నుంచి బంతి ఆడటం

విలియమ్స్‌కి ఈ విద్య అబ్బింది వేల్స్ క్లబ్ స్వాన్సీలో. 2008లో ఇంగ్లండ్ క్లబ్ స్టాక్‌పోర్ట్ నుంచి అక్కడికి వెళ్లేసరికి మార్టినెజ్ శిక్షకుడు. తర్వాత సౌసా, రోజర్స్, లౌడ్రప్ వచ్చారు. నలుగురూ బంతిని నేల మీద ఆడమన్నవాళ్లే. గోల్‌కిక్ తీసే ముందు సెంటర్‌బ్యాక్‌లు ఇద్దరూ పెనాల్టీ బాక్సు రెండు మూలలకీ విడిపోయేవారు. 2019 దాకా గోల్‌కిక్ బాక్సు దాటాకే బంతి ఆటలోకి వచ్చినట్టు. అందుకే బయట నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు తన్నిన బంతి కదిలిన క్షణమే ఆట మొదలు కాబట్టి బాక్సు లోపలే బంతి తీసుకోవచ్చు. పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోకపోతే అవసరం లేనంత దూరం వెళ్లి నిలబడతారు.

బంతి తీసుకునే క్రమం ఇది. అది వస్తుండగా రెండు భుజాల మీదుగా రెండుసార్లు చూడాలి. శరీరం మైదానం వైపు తెరిచి, బంతికి దూరంగా ఉన్న పాదంతో ఆపాలి. ఆపుడు ముందుకే ఉండాలి, కాళ్ల కింద చచ్చిపోకూడదు. తర్వాత పాస్ మిడ్‌ఫీల్డర్ ఏ కాలికి వెళ్లాలో ఆలోచించండి. ప్రత్యర్థి అతని ఎడమ పక్క ఉంటే కుడికాలికి ఇవ్వాలి. ఇంత చిన్న విషయమే అతను తిరగగలడా, వెనక్కే ఆడాలా అన్నది తేలుస్తుంది. పాస్ మెత్తగా పోతే మధ్యలో దొంగిలిస్తారు. 15 మీటర్ల పాస్ అందుకునేవాడు గట్టిగా ఉందని కాస్త గొణిగేంత బిరుసుగా ఉండాలి.

సాధనకి 12 మీటర్ల చతురస్రం, నలుగురు అంచుల మీద, ఇద్దరు లోపల. అంచువాళ్లకి రెండే టచ్‌లు. పదిహేను పాస్‌లు వరుసగా నిలిస్తే ఒక పాయింటు. మూడు నిమిషాల చొప్పున నాలుగు విడతలు. వారానికి మూడు రోజులు చేస్తే రెండు నెలల్లో మొదటి టచ్‌లో తేడా మీకే కనిపిస్తుంది.

ఇంత నేర్చిన మనిషి కూడా పొరపడతాడు. 2017 అక్టోబర్‌లో ఐర్లండ్‌తో మ్యాచ్, ప్రపంచకప్ అర్హత ఆశ దాని మీదే ఆధారపడి ఉంది. 57వ నిమిషంలో గోల్‌కీపర్ హెనెస్సీ పక్కకి ఇచ్చిన బంతి విలియమ్స్‌కి వచ్చింది. టచ్‌లైన్ ఒక పక్క, మీదికి దూకుతున్న ఐర్లండ్ ఆటగాడు హెండ్రిక్ ఇంకో పక్క. బంతి పోయింది. హెండ్రిక్ క్రాస్ చేశాడు, ఆర్టర్ కాళ్ల మధ్య నుంచి వదిలేశాడు, వెనక మెక్‌క్లీన్ కొట్టాడు. 1-0. వేల్స్ ప్రపంచకప్ ఆశ అక్కడితో ముగిసింది.

దాన్ని ఒక్క మనిషి తప్పుగా చూస్తే పాఠం సగమే అందుతుంది. టచ్‌లైన్ పక్కన బంతి తీసుకున్న డిఫెండర్‌కి ఆడటానికి ఒక పక్కే మిగులుతుంది. ఆ పక్కే ప్రత్యర్థి వస్తున్నప్పుడు ఆ బంతి ఇవ్వడమే ప్రమాదం. ఇచ్చాక మిగిలేది ఒకే దారి, మొదటి టచ్‌లోనే బంతిని లైన్ బయటికి తన్నడం. త్రో ఇచ్చినా లైను మొత్తం సర్దుకుంటుంది. మీ గోల్‌కీపర్‌తో ముందే ఒక మాట అనుకోండి: ప్రత్యర్థి మీకు ఐదు మీటర్ల లోపల ఉంటే బంతి మీకు రాకూడదు.

ముగ్గురు వెనక ఆడేటప్పుడు

శిక్షకుడు క్రిస్ కోల్‌మన్ వేల్స్‌ని ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో ఆడించాడు: మధ్యలో విలియమ్స్, ఎడమ బెన్ డేవిస్, కుడి చెస్టర్. రెండు పక్కలా గంటర్, నీల్ టేలర్. టేలర్ తల్లిది కోల్‌కతా. యూరోలో రష్యా మీద 3-0 గెలుపులో ఒక గోల్ అతనిది. 2016 యూరో అర్హత మ్యాచ్‌లు పదిట్లో వేల్స్ ఇచ్చింది నాలుగే గోల్స్, ఏడింటిలో ఒక్కటీ ఇవ్వలేదు. ఆ పదిట్లో వాళ్లు కొట్టింది కూడా పదకొండే. వెనక లైను పట్టు లేకపోతే వాళ్లు ఫ్రాన్స్ వెళ్లేవారే కాదు.

ముగ్గురి మధ్య దూరం బంతి మన సగంలో ఉన్నప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు మీటర్లు ఉంచండి. ప్రత్యర్థి ఫార్వర్డ్ కిందికి దిగి బంతి తీసుకుంటుంటే పక్కనున్న ఇద్దరిలో ఒకడు వెంట వెళ్లాలి. మధ్యవాడు ఆ ఖాళీ వైపు రెండు మూడు అడుగులు జరగాలి, మూడోవాడు లోపలికి రావాలి. మధ్యవాడే తొందరపడి బయటికి వెళ్తే గోల్‌ముందు ద్వారం తెరిచినట్టే. స్లొవేకియాతో తొలి మ్యాచ్ మూడో నిమిషంలో హామ్‌షిక్ అందరినీ దాటుకుని కొట్టిన బంతిని డేవిస్ గీత దగ్గర అడ్డం పడి ఆపాడు. బంతి చూస్తూ అక్కడే నిలబడకుండా, గోల్‌కీపర్ దాటిపోగానే గోల్ వైపు పరుగు తీశాడు కాబట్టే అది సాధ్యమైంది. ఈ అలవాటుకి ప్రతిభతో పని లేదు, పదేళ్ల పిల్లాడికైనా నేర్పొచ్చు.

ఇదంతా నడవాలంటే మధ్యవాడి నోరు ఆడుతూనే ఉండాలి. 2012 సెప్టెంబర్‌లో సెర్బియా చేతిలో 6-1తో ఓడిన తర్వాతి నెలలో కెప్టెన్సీ రామ్‌సే నుంచి విలియమ్స్‌కి వచ్చింది. వెనక నిలబడ్డవాడికి మైదానమంతా కనిపిస్తుంది, ముందున్నవాళ్లకి కనిపించదు. చెప్పే మాట ఒకటి రెండు పదాలు మించకూడదు, ముందు పేరు, తర్వాత పని: ‘రవీ, అప్’, ‘రవీ, ఎడమ’, ‘రవీ, మ్యాన్ ఆన్’ (ప్రత్యర్థి మీదికి వస్తున్నాడని). పేరు లేని కేక ఎవరికీ తగలదు. గోల్ పోయాక తిట్టే కేకలు కేకల లెక్కలోకి రావు. వారానికి ఒకరోజు ప్రాక్టీసులో సెంటర్‌బ్యాక్ తప్ప ఎవరూ మాట్లాడకూడదని పది నిమిషాలు ఆడించి చూడండి. మొదటి రోజు చాలామంది నోరు పెగలదు. మూడో వారానికి అలవాటైపోతుంది.

కెరీర్ మెట్లు

విలియమ్స్ దారి చూడండి. వెస్ట్ బ్రామ్‌విచ్ వద్దన్నాక హెడ్నెస్‌ఫర్డ్ టౌన్ అనే చిన్న జట్టులో, పక్కన వేరే పనులు చేసుకుంటూ పెద్దవాళ్లతో ఆడాడు. 2003 చివర్లో స్టాక్‌పోర్ట్ తీసుకుంది. అక్కడ నాలుగేళ్లకి పైగా, వారం వారం, కింది డివిజన్ల మైదానాల మీద ఆడాడు. 2008లో స్వాన్సీ. 2011 మే నెలలో వెంబ్లీలో రెడింగ్ మీద 4-2తో గెలిచి స్వాన్సీ ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చిన తొలి వేల్స్ క్లబ్ అయ్యేసరికి అతనికి 27 నిండబోతున్నాయి. 2013లో స్వాన్సీతో లీగ్ కప్ గెలిచాడు, 2016లో ఎవర్టన్ క్లబ్‌కి వెళ్లాడు.

పద్దెనిమిదేళ్లకి ఎంపిక కాలేదని ఆట మానేసే కుర్రాళ్లు సెంటర్‌బ్యాక్‌లలో ఎక్కువ. ఈ స్థానానికి కావలసింది చూసిన ఘట్టాల సంఖ్య, అది మ్యాచ్‌ల్లోనే పోగవుతుంది. పెద్ద జట్టు బెంచి మీద సంవత్సరం కూర్చోవడం కన్నా చిన్న జట్టులో ముప్పై మ్యాచ్‌లు ఆడటం మేలు. జట్టు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండే: నా స్థానంలో నాకన్నా ముందు ఎంతమంది ఉన్నారు, సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఉన్నాయి.

వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టిన అతను తల్లి తరపు తాత వల్ల వేల్స్‌కి ఆడగలిగాడు, 2008 మార్చిలో లక్సెంబర్గ్ మీద మొదలుపెట్టాడు. విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లల తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి: భారత జట్టుకి ఆడాలంటే తాతది ఏ ఊరైనా సరిపోదు, భారత పాస్‌పోర్టే ఉండాలి.

శరీరం విషయంలో తొడ వెనక కండరాలని ముందు చూసుకోండి. మోకాళ్ల మీద కూర్చుని, ఎవరైనా మడమలు పట్టుకుంటే, వీపు తిన్నగా ఉంచి నెమ్మదిగా ముందుకి ఒరిగే వ్యాయామం వారానికి రెండుసార్లు, ఐదేసి చొప్పున మూడు విడతలు. మొదటి రెండు వారాలు మూడేసి చాలు, లేకపోతే మర్నాడు నడవలేరు. మ్యాచ్‌కి ముందు రోజు చేయొద్దు.

ముప్పై దాటాక వేగం తగ్గుతుంది, ఇది అందరికీ వచ్చేదే. విలియమ్స్ కూడా ఎవర్టన్ తర్వాత స్టోక్, బ్రిస్టల్ సిటీల్లో ఆడి 2021 జనవరిలో విరమించాడు. ఆ దశలో మార్చుకోవాల్సింది మొదలుపెట్టే చోటు. వేగంగల ఫార్వర్డ్ మీద అతనికన్నా రెండు మీటర్లు గోల్ వైపు వెనక నిలబడండి, అతని కాళ్లకి బంతి వస్తే రానివ్వండి, వెనక ఖాళీలోకి మాత్రం రానివ్వకండి. పక్కన వేగంగల సెంటర్‌బ్యాక్‌ని అడిగి పెట్టించుకోండి. మీ మిడ్‌ఫీల్డర్‌ని ఇంకో ఐదు మీటర్లు దగ్గరికి పిలవండి, ఆ పిలుపు మ్యాచ్ మొదటి నిమిషంలోనే వినబడాలి.